ఆకులు ఎన్ని చెప్పమంటావు?

చిట్టితల్లీ,

నువ్వూ అబ్బాయీ కలిసి తయారుచేసిన పెళ్లి పట్టికను తమ్ముడు ప్రింటు తీసి ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. మండపం పూలు, సంగీత్, మెహందీ, డ్రోన్ కెమెరా, దేనికెంత ఖర్చు, ఎవరి బాధ్యత ఏమిటి, అన్నీ వివరంగా రాశారు. ఇద్దరూ కూర్చుని డబ్బు సంగతి ముందే మాట్లాడుకున్నారంటే నాకు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. కానీ అందులో ముహూర్తానికి పది నిమిషాలే కేటాయించారు. భోజనాల దగ్గర “రాత్రి 8 నుంచి” అన్న ఒక్క ముక్కే ఉంది. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నవాణ్ణి, ఆ రెండింటి గురించీ నీకు చెప్పకుండా ఎలా ఉండను? ఫోనులో అయితే “సరే నాన్నా” అని పనిలో పడిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

ఆ మధ్య ఒక పెళ్లిలో గాడిపొయ్యి మీద పప్పు గుండిగ దింపించి, చేతులు తుడుచుకుంటూ మండపం వైపు వచ్చాను. పెళ్లికొడుకు రెండో ముడి వేస్తున్నాడు. ఫొటోగ్రాఫరు “ఒక్క నిమిషం బాబూ, ఇటు తిరగండి” అన్నాడు. ఆ అబ్బాయి చేతులు అమ్మాయి మెడ వెనక అలాగే ఆగిపోయాయి. గట్టిమేళం కొనసాగించాలో ఆపాలో తెలియక సన్నాయి వాయించే ఆయన పురోహితుడి ముఖం చూస్తున్నాడు. ముందు వరుసలో అక్షింతలు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మకు కెమెరావాళ్ల వీపులు తప్ప మరేమీ కనబడలేదు. కాసేపు చూసి, ఆ వీపుల మీదే అక్షింతలు వేసి వెళ్లి కూర్చుంది. ఆమె పెళ్లికూతురి అమ్మమ్మ అని తర్వాత తెలిసింది.

మన నాయనమ్మకు అలా జరగకూడదు. మనకు ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం తల మీద పెట్టే ఆ క్షణమే. అడ్డుతెర పట్టినప్పటి నుంచి మూడో ముడి పడేదాకా మండపం ఎదుట ఎవరూ నిలబడకూడదని, అటూ ఇటూ పక్కల నుంచే తీయాలని, మధ్యలో ఆపి మళ్లీ చేయించకూడదని ఫొటోగ్రాఫరుకు బయానా ఇచ్చే ముందే చెప్పండి. కాగితం మీద రాయించండి. మంచి పనివాళ్లకు ఇది కష్టం కాదు. తలంబ్రాల దగ్గర వాళ్లకు కావలసినన్ని ఫొటోలు దొరుకుతాయి.

పురోహితుణ్ణి అడగవలసిన మాట ఇంకొకటి ఉంది. ఆషాఢం, పుష్యం పోగా, మూఢాలు పోగా మిగిలిన మంచి రోజులు కొన్నే. అందరి పెళ్లిళ్లూ వాటిమీదే పడతాయి. మాఘంలో ఒక్కోసారి నేనే ఒకే రోజు మూడు పెళ్లిళ్లకు వంటవాళ్లను పంపుతాను. పురోహితులకూ అంతే. “ఆ రాత్రి మీకు ఇంకో పెళ్లి ఉందా?” అని ఇప్పుడే మర్యాదగా అడగండి. ఉంటే ఆయన తొందరపడక తప్పదు. ఆ తొందర సప్తపది మీద పడుతుంది. సప్తపది ఉన్న పెళ్లిలో ఏడో అడుగు పడ్డాకే వివాహం పూర్తయినట్టని 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్‌లో ఉంది. తగిన తంతు జరగకుండా ధ్రువపత్రం మాత్రమే ఉంటే హిందూ వివాహం అనిపించుకోదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి మీ పట్టికలో పది నిమిషాలు కొట్టేసి రెండున్నర గంటలు రాయండి. ప్రతి ఘట్టానికీ అర్థం తెలుగులో చెప్పమని ఆయనను అడగండి, సంతోషంగా చెబుతారు. పెళ్లయ్యాక రిజిస్ట్రేషన్ మాత్రం వాయిదా వేయకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2002 నాటి వివాహాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అది తప్పనిసరి.

అబ్బాయి వాళ్లది వరంగల్. వాళ్ల ఇంట్లో పెళ్లికి ముందు చేసే మైలపోలు తంతు ముఖ్యం, మన ఇంట్లో వరుడికి చేసే స్నాతకం ముఖ్యం. ఎవరిది సరైనదన్న చర్చే వద్దు. మీ అత్తగారిని, మన పెద్దత్తయ్యను ఒకచోట కూర్చోబెట్టి వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో. పెళ్లిరోజు మండపం దగ్గర ఎవరూ “మా వైపు ఇలా చేయరు” అనకుండా ఉంటే అదే పెద్ద మర్యాద.

ఇక భోజనాలు. ముహూర్తం రాత్రి 10 గంటల 42 నిమిషాలకు. డెబ్బై ఏళ్ల మనిషి అప్పటిదాకా ఆకలితో ఉండలేడు. ఏడున్నరకే మొదటి బంతి లేవాలి. మీ స్నేహితులకు బఫే పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. పెద్దవాళ్లకు మాత్రం పక్క హాల్లో బల్లలు వేసి ఆకులో వడ్డిద్దాం. ఆకు కొస తినేవాళ్ల ఎడమచేతి వైపు ఉండాలి, ఎవరి ముందైనా తిరగబడి ఉంటే చూసినవాళ్లే సరిచేయాలి. బూరె వేసి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసే మనిషి, “ఇంకొకటి వేయమంటారా” అని అడిగే మనిషి ప్రతి వరుసకూ ఉండాలి. మారు అడగడానికి మొహమాటపడే వాళ్లను నేను ఎన్ని వేల మందిని చూశానో! మరునాడు రిసెప్షన్‌లో మీ ఇద్దరూ గంటలకొద్దీ వేదిక మీద నిలబడితే, జనం ఫొటో కోసం వరుసలో ఆకలితో నిలబడాలి. మధ్యలో ఒక అరగంట దిగి బంతుల మధ్యకు రండి. పెళ్లికూతురు స్వయంగా వచ్చి “మారు వేయించుకోండి బాబాయ్” అంటే ఆ మాట వాళ్లు పదేళ్లు చెప్పుకుంటారు.

ఎంతమంది వస్తారో కార్డులో అడుగుదామన్నావు. వద్దమ్మా. “మీరు ఎందరు?” అని అడగడం మనలో పిలుపు అనిపించుకోదు. ఇళ్లకు వెళ్లి బొట్టు పెట్టి పిలవగలిగినవాళ్లను అలాగే పిలుద్దాం. దూరంగా ఉన్నవాళ్లకు వాట్సాప్‌లో శుభలేఖ పంపాక, ఒక్కొక్కరికీ నువ్వో అమ్మో ఫోను చేయాలి. పెళ్లికి వారం ముందు పిన్ని మళ్లీ ఫోను చేసి “ఏ రైలుకు వస్తున్నారు, స్టేషన్‌కు బండి పంపాలి” అని అడుగుతుంది. లెక్క దానంతట అదే తేలుతుంది. నా లెక్కలన్నీ అలా తేలినవే. కిలో బియ్యం పదిమందికి చొప్పున వండిస్తాను, ఇంతవరకు ఏ పెళ్లిలోనూ అన్నం చాలలేదన్న మాట రాలేదు.

ఆ లెక్కలో భజంత్రీలు, డ్రైవర్లు, కెమెరావాళ్లు, హాలు ఊడ్చేవాళ్లు కూడా ఉండాలి. వాళ్లకు చివర్లో మిగిలింది కాదు, వేడి అన్నం పెట్టాలి. యాభై ఆకులు విడిగా తీసిపెడుతున్నాను.

చదివింపులు మైకులో వద్దన్నావు, నేనూ ఒప్పుకుంటాను. ఇచ్చినవారి మనసు ఊరందరి ముందు తూచినట్టు ఉంటుంది. కానీ పుస్తకం మాత్రం రాయాలి. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం వధువుకు, వరుడికి వచ్చిన కానుకల జాబితాలు విడివిడిగా ఉండాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి మీ ఇద్దరూ సంతకం చేయాలి. అబ్బాయి వాళ్లు ఏమీ అడగలేదు, మనం నీకు ఇచ్చేది నీదే. అయినా రాయి తల్లీ. ఒక తండ్రిగా అడుగుతున్నాను.

వంట సంగతి నువ్వు అడగడానికి సందేహిస్తున్నావని అమ్మ చెప్పింది. ఆ రోజు గరిటె నా దగ్గర పాతికేళ్లుగా ఉన్న పెద్ద మేస్త్రీకి అప్పగించాను. బూరెల పూర్ణం తీపి ముందురోజు నేను చూస్తాను, అంతే. పెళ్లి సమయానికి పంచె కట్టుకుని మీ అమ్మ పక్కన పీటల మీద ఉంటాను. ఎన్నో ఇళ్లలో “నాతిచరామి” అన్న మాట వంటపాక నుంచి విన్నాను. ఈసారి ఆ అబ్బాయి ముఖం చూస్తూ వినాలి.

రావులపాలెం ఆకులాయనకు నెల ముందు చెప్పాలి. మీ స్నేహితుల్లో ఆకులో తినేవాళ్లు ఎందరో ఆదివారంలోగా చెప్పు.

మీ నాన్న