లిఫ్ట్ ఎత్తు చూసి టైరు సైజు తేల్చొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

లిఫ్ట్ చేసిన, అంటే నేల నుంచి ఎత్తు పెంచిన ఆఫ్‌రోడ్ బండ్లకు, రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే పెద్ద ఆల్ టెరైన్ టైర్లు వేసుకోవడం గురించి మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. ట్రెడ్ రకాల గురించి బాగా రాశారు. అయితే రెండంగుళాల లిఫ్ట్ చేస్తే 33 అంగుళాల టైరు దానంతటదే పట్టేస్తుందన్న అర్థం వచ్చేలా ఒక మాట ఉంది. అది తప్పు. ఈ మాట నమ్మి ముందు టైర్లు కొనేసి, బిగించాక గుంతలో పడగానే బాడీకి ఒరుసుకుంటోందని మడ్‌గార్డులు కోసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

స్ప్రింగుల దగ్గర ఎత్తు పెంచే సస్పెన్షన్ లిఫ్ట్ వల్ల బండి నిలబడి ఉన్నప్పుడు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. అంతవరకే. చక్రం రాయి ఎక్కినప్పుడు స్ప్రింగు కుంగుతూ కుంగుతూ, చక్రాన్ని చివర్లో ఆపే బంప్ స్టాప్ రబ్బరు నలిగేదాకా పోతుంది. లిఫ్ట్ చేసినా ఆ రబ్బరు పాత చోటే ఉంటుంది. కాబట్టి పూర్తిగా కుంగిన క్షణంలో చక్రం లిఫ్ట్‌కు ముందు ఎంత పైకి వెళ్లేదో ఇప్పుడూ అంతే పైకి వెళ్తుంది. స్ప్రింగు గట్టిదైతే అక్కడిదాకా తక్కువసార్లు వెళ్తుంది, కానీ వెళ్లడం మానదు. బాడీ లిఫ్ట్ సంగతి వేరు. అందులో బాడీ చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద నుంచి లేస్తుంది, బంప్ స్టాప్ చాసిస్‌తోనే ఉండిపోతుంది. 25 మి.మీ. బాడీ లిఫ్ట్ చేస్తే మడ్‌గార్డు దగ్గర 25 మి.మీ. నిజంగానే దొరుకుతుంది. చక్రాన్ని చాసిస్‌కు కలిపే కంట్రోల్ ఆర్మ్ దగ్గర, చాసిస్ దగ్గర మాత్రం ఏమీ దొరకదు.

పెద్ద టైరు కోరుకోవడంలో తప్పు లేదు. లిఫ్ట్ చాసిస్‌ను లేపుతుంది కానీ రెండు చక్రాలను కలిపే ఇరుసు గొట్టాన్ని, అంటే యాక్సిల్ హౌసింగును లేపలేదు. హౌసింగ్ కింద నేలకు ఎత్తు పెంచేది టైరొక్కటే. ఆ పెరిగేది కూడా వ్యాసంలో పెరిగినదానిలో సగమే. 245/75 ఆర్ 16 టైరునే తీసుకోండి. వెడల్పు 245, అందులో 75 శాతం 183.75, రెండు వైపులా కలిపి 367.5. దానికి 16 అంగుళాల రిమ్ము 406.4 కలిపితే సుమారు 774 మి.మీ. వ్యాసం. 285/75 ఆర్ 16 ఇదే లెక్కన 834 మి.మీ., అంటే 33 అంగుళాలకు కాస్త తక్కువ. తేడా 60, హౌసింగ్ కింద లాభం 30. మధ్యలో 265/75 ఆర్ 16 ఉంది, 804 మి.మీ., లాభం 15. పేరులో 33 అని ఉన్నా కంపెనీని బట్టి అసలు కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి తయారీదారు ఇచ్చే కొలతల పట్టిక చూడాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. పాత టైరు బండికి ఉండగానే, కొత్తది కొనకముందే చేయాలి. చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, ముందు చక్రం దగ్గరి స్ప్రింగు తీసేయండి. స్ప్రింగూ షాకూ ఒకే కట్టగా ఉన్న బండిలో ఆ కట్ట మొత్తాన్నీ తీయాలి. కుదించి ఉన్న స్ప్రింగుతో చెలగాటం వద్దు, తగిన కంప్రెసర్ లేకపోతే తెలిసినవాళ్ల చేత తీయించండి. మడ్‌గార్డు లోపలి అంచుకి, వెనక మూలకి, బంపర్ చివరకి, లోపల ఆర్మ్ దగ్గర కోడిగుడ్డంత బంకమట్టి ముద్దలు అతికించండి. ఇప్పుడు యాక్సిల్ కింద, లేదా కింది ఆర్మ్ చివర జాకీ పెట్టి బంప్ స్టాప్ బాగా నలిగేదాకా లేపండి. స్టీరింగ్ తిన్నగా ఉంచి ఒకసారి, ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా, మధ్యలో ఆపి మరోసారి చూడండి. ముద్ద ఎక్కడ ఎంత మందంగా మిగిలిందో, టైరు తగలని చోట ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. 774 నుంచి 834కి వెళ్తే టైరు ప్రతి దిక్కుకూ 30 మి.మీ. పెరుగుతుంది. టైరు వంగడానికి, బురద పట్టడానికి ఇంకో 15 కలపండి. 45 కంటే తక్కువ వచ్చిన ప్రతి చోటా కొత్త టైరు ఒరుసుకుంటుందనే అనుకోవాలి. రెండు వైపులా ఒకేసారి లేపితే చాలదు. ఒకే యాక్సిల్‌గా ఉన్న బండిలో ఒక చక్రం పైకి, రెండోది కిందకు వెళ్లినప్పుడు పై చక్రం బంప్ స్టాప్ ఆపినదానికంటే ఇంకా పైకి పోతుంది. రబ్బరు చక్రానికి లోపలి వైపు ఉండటమే దీనికి కారణం. వాలుగా కూడా పెట్టి చూడాలి.

ఖాళీ చాలకపోతే మూడు దారులు. మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను వేడి గాలితో మెత్తబరిచి వెనక్కి నొక్కి కట్టేయడం అన్నిటికంటే తేలిక. లోపలి వెల్డింగ్ అంచును సుత్తితో మడిచి, వెంటనే ప్రైమరూ పెయింటూ వేయడం రెండోది. వేయకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. కొట్టే ముందు వెనకాల వైర్లు, సెన్సార్లు, బ్రేకు పైపులు ఉన్నాయేమో వేలు పెట్టి తడిమి చూడాలి. ఈ రెంటికీ లొంగనప్పుడు బంప్ స్టాప్‌ను కిందకు దించాలి. యాక్సిల్ బండిలో 30 మి.మీ. స్పేసరు (మధ్యలో పెట్టే దిమ్మ) పెడితే చక్రం దాదాపు అంతే ముందు ఆగుతుంది. ముందు చక్రాలు విడివిడిగా ఊగే బండిలో బంప్ స్టాప్ ఆర్మ్ మధ్యలో తగులుతుంది. అక్కడ 15 మి.మీ. స్పేసరే చక్రం దగ్గర 30 దాకా ఆపేస్తుంది, ఎక్కువ పెట్టారంటే సస్పెన్షన్ ఊగడానికే చోటుండదు. స్టీరింగ్ స్టాపు బోల్టును బయటికి తిప్పి తిరుగుడు తగ్గించడం కూడా చేస్తుంటారు. ఇరుకు దారిలో బండిని రెండుసార్లు వెనక్కీ ముందుకీ తీయాల్సి వస్తుంది కాబట్టి అది మాకు చివరి మార్గం.

రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి బండికి బిగించే తలం ఎంత దూరంలో ఉందో ఆ కొలత గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. సగం గొడవలకు మూలం అదే. పాత 245 టైరు, ఆఫ్‌సెట్ ప్లస్ 30 ఉన్న రిమ్ము (బిగించే తలం మధ్య గీతకు 30 మి.మీ. బయటి వైపు) అనుకుందాం. రిమ్ము బిగించే తలం నుంచి లోపలికి టైరు 122.5 కి 30 కలిపి 152.5 మి.మీ. వస్తుంది, బయటికి 92.5. అదే ఆఫ్‌సెట్‌తో 285 వేస్తే లోపలికి 172.5. అంటే పై ఆర్మ్ వైపు, బండి పక్కకు ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ రాడ్డు వైపు 20 మి.మీ. చొచ్చుకొస్తుంది. లోపలి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కోసుకుపోతుంటే బయట నిలబడి చూసేవారికి కనపడదు. అందుకే ఇది ప్రమాదం. ఆఫ్‌సెట్ ప్లస్ 10 రిమ్ము వేస్తే లోపలికి మళ్లీ సరిగ్గా 152.5 వస్తుంది, లోపల బాధ తీరుతుంది. కానీ బయటికి 132.5 అవుతుంది, 40 మి.మీ. పొడుచుకొస్తుంది. తిరిగేటప్పుడు టైరు మూల పెద్ద వలయం గీస్తూ బంపర్‌నీ మడ్‌గార్డు వెనక మూలనీ వెతుక్కుంటూ పోతుంది. బేరింగ్ మీద భారం, స్టీరింగ్‌లో గుంజుడు పెరుగుతాయి, రాళ్లు బాడీకి కొడతాయి. ట్రెడ్ మడ్‌గార్డు దాటి బయటికి రాకూడదన్న నియమం చాలాచోట్ల ఉంది. రిజిస్ట్రేషన్, బీమా నియమాలు ముందే కనుక్కోవాలి. ఇంకోటి, 285 కి 7 అంగుళాల రిమ్ము చాలదు, 7.5 నుంచి పైకి కావాలి. 265 అయితే 7 అంగుళాల రిమ్ము మీదే కూర్చుంటుంది.

ఈ లెక్కలన్నీ చూశాక మా అభిప్రాయం ఏమిటంటే, రెండంగుళాల లిఫ్ట్ ఉన్న చాలా బండ్లకు మధ్య సైజు 265 చాలు. 15 మి.మీ. లాభం తక్కువ అనిపించవచ్చు. గేర్లు, బ్రేకులు, రిమ్ములు ముట్టుకోకుండా వచ్చే లాభం అది.

గేర్ల మాటకొస్తే, 834ను 774తో భాగిస్తే 1.078. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి దాదాపు 108లో పోతుంటుంది, ఓడోమీటర్ కూడా ఆ మేరకు తక్కువ తిరుగుతుంది. డిఫరెన్షియల్ (యాక్సిల్‌లోని చివరి గేరు) నిష్పత్తి 4.10 ఉంటే 3.80 అయినట్టు పనిచేస్తుంది. మిట్ట మీద గేరు దించాల్సి వస్తుంది, మెల్లగా పాకడానికి వాడే లో రేంజిలో కూడా బండి కాస్త వేగంగా పాకుతుంది. పాత తీరు తిరిగి రావాలంటే 4.42 కావాలి, దొరికేవాటిలో దగ్గరిది వేయించుకోవాలి. ముందు, వెనక డిఫరెన్షియల్ రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండితీరాలి. బ్రేకుకూ ఇదే లెక్క. అదే డిస్కు, అదే ప్యాడు, చక్రం మాత్రం పెద్దది, కాబట్టి నేల దగ్గర పట్టు 7 శాతం తగ్గుతుంది. బరువైన టైరు గిరగిరా తిరిగే ఊపు దీనికి అదనం.

ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసిన టైరు గట్టిదని కొంటారు, గాలి మాత్రం తలుపు స్టిక్కరు మీదున్నదే కొట్టిస్తారు. సైడ్‌వాల్ మీద లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు మోయగల బరువుకు సంకేతం) 116 అంటే 1250 కిలోలు, 126 అంటే 1700. ఆ బరువు మోయడం గరిష్ఠ గాలి వద్ద మాత్రమే. బరువు తరగతుల్లో ఇ రేంజి టైరుకు అది 80 పీఎస్ఐ. అంత కొట్టమని కాదు, బండి యాక్సిల్ బరువుకు ఎంత కావాలో టైరు కంపెనీ లోడు పట్టికలో చూసి కొట్టాలి. ఆ తర్వాత ట్రెడ్ అడ్డంగా సుద్దతో గీత గీసి, చదునైన తారు రోడ్డు మీద తిన్నగా కొంతదూరం నడపండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. ఇంకో లెక్క కూడా ఉంది. చల్లగా ఉన్నప్పటి గాలికంటే గంట నడిపాక ఎల్‌టీ టైరులో 6 పీఎస్ఐ దాటి పెరిగితే టైరు వేడెక్కుతోందని, గాలి తక్కువైందని అర్థం. ఇసుకలో 15–18 దాకా దించవచ్చు. టైరు అంచును బిగించి పట్టే బీడ్‌లాక్ లేని రిమ్ము మీద 12 కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము వదిలేయొచ్చు.

బిగించేటప్పుడు హబ్ ముఖం మీది తుప్పు తీగ బ్రష్షుతో పూర్తిగా పోగొట్టాలి. రిమ్ముకీ హబ్‌కీ మధ్య మందంగా పెయింటు ఉన్నా, తుప్పు ఉన్నా అది నలిగి నట్లు వదులవుతాయి. కొత్త రిమ్ముకు పాత నట్లు పడతాయనుకోవద్దు. కోన్ నట్టు వేరు, వాషరున్న చదును నట్టు వేరు. నట్టు చేత్తో ఎక్కించి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 12 మి.మీ. స్టడ్డుకు మరల మధ్య దూరం 1.5 మి.మీ. ఉంటే కనీసం 8 చుట్లు ఎక్కాలి. మరకు నూనె రాయొద్దు, టార్క్ పానా అదే అంకె దగ్గర టక్కుమన్నా నట్టు ఎక్కువ బిగుసుకుపోతుంది. ఎదురెదురు నట్లు నక్షత్రంలా మూడు విడతల్లో బిగించి, 80–100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూడాలి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలిక వైపు, వాల్వు దగ్గరికి తిప్పి ఎక్కించాలి. బురదలో తిరిగొచ్చాక స్టీరింగ్ వణికితే బాలెన్సింగ్‌కు పరుగెత్తేముందు రిమ్ము లోపలి బురద కడగండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

అలైన్‌మెంట్ తప్పనిసరి. లిఫ్ట్‌తో క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గిపోతుంది, స్టీరింగ్ వదిలితే తిన్నగా రాకుండా బండి అటూ ఇటూ తిరుగుతుంది. బుష్‌లు మార్చి క్యాస్టర్ తెచ్చుకోవాలే తప్ప టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే సరిచేసి పంపించేస్తే లాభం లేదు.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్‌లో ఒక చక్రం చిన్నదైతే ఇంజను బలాన్ని ముందూ వెనకా పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ ఒకదానితో ఒకటి పోట్లాడుకుని వేడెక్కుతాయి. కింద వేలాడే స్టెప్నీ అయితే కొత్త టైరు ఆ గూట్లో పడుతుందో లేదో, వెనక తలుపు మీదైతే పెరిగిన బరువును కబ్జాలు మోస్తాయో లేదో కూడా ఆ బంకమట్టి పరీక్ష రోజే చూసుకోవాలి.

మీ పేజీలో ఈసారి టైరు సైజుల పట్టిక వేసేటప్పుడు లిఫ్ట్ ఎత్తు పక్కన రిమ్ము ఆఫ్‌సెట్‌కూ, బంప్ స్టాప్ స్పేసరుకూ రెండు గడులు చేర్చండి. ఆ రెండూ లేని పట్టికను దయచేసి అచ్చు వేయొద్దు.

ఇట్లు,
ఆఫ్‌రోడ్ బండ్ల సస్పెన్షన్, టైర్ల పని చేసేవాళ్లం