36 సంతకాలు పెట్టిన మామ్మగారికి

రాత్రి పదిన్నరయింది. చివరి మంచం మేడెక్కించి అరగంట కాలేదు. ఒళ్లంతా పులిసిపోయింది. అయినా ఈ నాలుగు ముక్కలు రేపటికి పెడితే చల్లారిపోతాయని ఇప్పుడే రాస్తున్నాం.

ఒడిశాలోని బరంపురంలో, పెద్దబజారు వెనక సందులో ఉండే మామ్మగారికి మా దండాలు. పేరు రాయొద్దని మాట తీసుకున్నారు, రాయం.

18 నిండి బాలల గృహం నుంచి బయటికొచ్చిన ఆరుగురు గుంటలకి ఇల్లు కావాలి. ఇద్దరు ఐటీఐలో చదువుతున్నారు, నలుగురు పనులకెళ్తున్నారు. ఏడిళ్లు తిరిగాం. తండ్రి పేరేంటి, మీదే కులం, పూచీ ఎవరు అని అడగడం, తలుపేసుకోవడం. ఎనిమిదోది మామ్మగారి మేడ. ఒప్పందం మా సంస్థ పేరుతో రాయించి పట్టుకెళ్లాం, అదే సులువనుకుని. ఆవిడ చదివించుకుని విన్నారు. "పడుకునేది ఈళ్లయితే సంతకం మీదేటి బాబూ?" అన్నారు.

ఆ ఒక్క మాట విలువ ఈ పని చేసేవాళ్లకి తెలుస్తుంది. ఈ పిల్లల ఆధార్‌లో ఉన్న చిరునామా ఇంకా పాత గృహానిదే. అమ్మానాన్న ఉన్నవాళ్లయితే ఇంటిపెద్ద ఆధార్ చూపించి చిరునామా మార్చుకుంటారు. వీళ్లకా దారి లేదు. అద్దె ఒప్పందం చూపించొచ్చు, కానీ అందులో మార్చుకునేవాడి పేరే ఉండాలి. సంస్థ పేరుంటే ఆ కాగితం వాడికి దేనికీ పనికిరాదు. చిన్నప్పుడు గృహంవాళ్లు తెరిచిన బ్యాంకు ఖాతా 18 దాటాక కొత్త సంతకం, కొత్త కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) ఇచ్చేదాకా కదలదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే అది ఎలాగూ నిద్రపోయి ఉంటుంది. ఖాతా లేస్తేనే, దానికి ఆధార్ కలిస్తేనే, నెలనెలా వచ్చే సర్కారు సాయం పడేది.

ఆరుగురికీ కలిపి ఒకే కాగితం రాద్దామన్నాం. ఒకడికి వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోతే మిగతా అయిదుగురి కాగితం ఏమవుతుందని ఆవిడే అడిగారు. కాబట్టి ఆరు వేరువేరు ఒప్పందాలు. 11 నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒక్కోటి మూడు పేజీలు, రెండేసి ప్రతులు. ప్రతి పేజీ మీదా ఆవిడ సంతకం, మొత్తం 36. వేళ్లు వణుకుతుంటే పదో పేజీ దగ్గర ఆగి, చెయ్యి దులుపుకుని, మళ్లీ తెలుగులో పూర్తి పేరు రాశారు. పొట్టి సంతకం చాలు మామ్మా అంటే ఒప్పుకోలేదు. ఒప్పందం ఒడియాలో ఉంది కదా, నోటరీ దగ్గర ఒక్కో షరతూ పైకి చదివించి, తెలుగులో చెప్పి, అర్థమైందా అని ఒక్కొక్కణ్ణీ అడిగాకే కలం చేతికిచ్చారు. మా వాళ్లలో ఒకడు తన పేరు రాసి ఆ అక్షరాల వైపే చూస్తూ ఉండిపోయాడు. మేమక్కడ నిలబడలేక బయటికొచ్చేశాం.

మూడు నెలల అడ్వాన్సు కూడా ఒక్కసారిగా అడగలేదు. నెలకింత అన్నారు.

ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాం. బాలల న్యాయ చట్టం 2015లో 46వ సెక్షన్ ఇలా బయటికొచ్చే పిల్లల కోసమే ఉంది. 2016 నమూనా నియమాల్లో 25వది ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే ఇంటి మాటే చెబుతుంది. ఆ సాయం 21 ఏళ్లదాకా, తప్పనిసరైతే ఇంకో రెండేళ్లు. గృహం వదలడానికి రెండు నెలల ముందే వాళ్ల తర్వాతి బతుకు ప్రణాళిక బాలల సంక్షేమ కమిటీ ముందుకెళ్లాలి, 37వ ఫారంలో ఉత్తర్వు రావాలి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఒక్కొక్కరికి నెలకి 4,000 రూపాయలు. రాతలో ఏ లోటూ లేదు. కానీ మేం తిరిగిన ఒక ఆఫీసులో నలుగురి దస్త్రాలు పుట్టినరోజు దాటేదాకా కదల్లేదు. దాటాక, ఇప్పుడు పిల్లలు కారుగా అన్నారు. సంచి పట్టుకుని గేటు బయటికొచ్చినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? మళ్లీ అర్జీ పెట్టాం, మళ్లీ తిరుగుతున్నాం.

ఈ పని మొదలుపెట్టేవాళ్లకి రెండు మాటలు. అద్దె ఒకటో తారీఖున కట్టాలి, జీతం నెలాఖరుకొస్తుంది. ఆ మొదటి నెల ఖర్చు చేతిలో లేకుండా ఇల్లు తీసుకోవద్దు. చాలా ఇళ్లు అక్కడే కూలిపోతాయి. ఆ 4,000లో ఒక్కొక్కరికి అద్దె 1,500, తిండికి 1,800, కరెంటుకీ గ్యాసుకీ 400 పోతే మిగిలేది 300. తిండి డబ్బు నెలంతటిదీ ఒకేసారి చేతికివ్వొద్దు, ఆదివారం ఆదివారం డబ్బాలో వెయ్యాలి. గృహంలో వీళ్లు ఎప్పుడూ ఏదీ కొనలేదు, పదోరోజుకే అయిపోతుంది. బియ్యం మనిషికి రోజుకి 400 గ్రాములు లెక్కెయ్యండి. గ్యాసుకి చిరునామా కాగితం అడగని 5 కిలోల ఛోటూ సిలిండరుంది, ఆరుగురికి పదిరోజులొస్తుంది. దిగినరోజే కరెంటు మీటరు ఫోటో తీసి ఇంటివాళ్లకీ పంపండి, తర్వాత మాటొచ్చేది దాని దగ్గరే. మొదటి రెండు వారాలు మనలో ఒకరు రోజూ వెళ్లాలి, తర్వాత వారానికి రెండుసార్లు, ఆ తర్వాత పిలిస్తేనే.

మా ఇళ్లల్లోవాళ్లు గిన్నెలూ దుప్పట్లూ ఇచ్చారు, వాళ్లకి వేరే చెప్పాలా.

అయ్యో, నోటరీ గుమస్తాగారు! ఆరింటికీ కలిపి ఒక్కదాని రుసుమే తీసుకున్నారు. మూడు మంచాలు ఒకే ట్రిప్పులో తెచ్చిన ఆటో తమ్ముడికీ, కుళాయి వాషరు మార్చి డబ్బులొద్దన్న ఆయనకీ కూడా. బ్యాంకులో మా వాళ్ల వరస రాకముందే కౌంటరు మూసే టైమైపోతే, ఆగి ఆరు ఫారాలూ నింపించిన అమ్మాయి పేరైనా అడగలేదు. రేపు పాసుపుస్తకాలకెళ్లినప్పుడు అడుగుతాం.