అడాప్టర్ కొనేముందు స్విచ్ బోర్డు చూడండి

సంపాదకులకు,

అయ్యా,

రౌటరు హాల్లో ఉంటుంది, కంప్యూటరు వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. కంప్యూటరుకు ఇంటర్నెట్ సరిగా అందదు. దీనికి దుకాణాల్లో రెండు మందులు చూపిస్తారు. ఒకటి వైఫై అడాప్టర్, అంటే కంప్యూటరు వైఫై అందుకునేలా చేసే పరికరం. రెండోది పవర్‌లైన్ అడాప్టర్, అంటే గోడలోని కరెంటు తీగల మీదుగానే ఇంటర్నెట్‌ను నడిపించే జత. ‘కొత్త వైరు లాగక్కర్లేదు’ అన్న మాటకు పడిపోయి ఈ రెండోది కొనేవాళ్లు పెరుగుతున్నారు. దాని గురించిన సలహాలు చాలావరకు విదేశీ ఇళ్ల కోసం రాసినవి. వాటిలో ఇన్వర్టర్ లైను ప్రస్తావనే ఉండదు.

మన ఇళ్లలో అసలు చిక్కు అక్కడే. రౌటరు సాధారణంగా ఇన్వర్టర్ లైను మీద ఉంటుంది, కంప్యూటరు మామూలు సాకెట్ మీద, మధ్యలో దాని సొంత యూపీఎస్. పవర్‌లైన్ సిగ్నల్ ఇన్వర్టర్‌ను దాటేసరికే బాగా నీరసిస్తుంది. పోనీ దాటిందే అనుకుందాం. కరెంటు పోయినప్పుడు రౌటరు ఇన్వర్టర్ మీద, కంప్యూటరు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి, గోడకున్న అడాప్టర్ మాత్రం ఆరిపోతుంది. దాన్ని కూడా యూపీఎస్‌కే గుచ్చుదామంటే కుదరదు. యూపీఎస్‌లోను, స్పైక్ బస్టర్‌లోను ఉండే ఫిల్టర్ ఆ సిగ్నల్‌ను చెత్త కింద లెక్కగట్టి మింగేస్తుంది. పవర్‌లైన్ అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి.

త్రీ ఫేజ్ ఇళ్లలో ఇంకో మెలిక. రెండు సాకెట్లు వేర్వేరు ఫేజుల మీద ఉంటే వేగం బాగా పడిపోతుంది, ఒక్కోసారి అసలు అందదు. మెయిన్ బోర్డులో ఎంసీబీలు (ఒక్కో లైనుకు కరెంటు ఆపే స్విచ్‌లు) ఒక్కొక్కటే దించి, ఏది దించితే ఏ సాకెట్ ఆగుతుందో చూడండి. రెండూ ఒకే ఎంసీబీకి ఆగితే అదృష్టవంతులే. వేర్వేరు ఎంసీబీలైతే అవి ఒకే ఫేజువో కావో ఎలక్ట్రీషియన్ చెప్పగలడు. కింద ఒక మీటరు, మేడ మీద ఇంకో మీటరు ఉన్న ఇంట్లో దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

పెట్టె మీది వేగం అంకెను కూడా నమ్మవద్దు. ‘ఏవీ 600’ అని రాసిన చాలా అడాప్టర్లలో కేబుల్ గుచ్చే పోర్టు సెకనుకు 100 మెగాబిట్లదే. వైరింగ్ ఎంత బాగున్నా 94, 95 దాటదు. 1000, 1200 రకాల్లో గిగాబిట్ (1000 మెగాబిట్ల) పోర్టు ఉంటుంది కానీ, రాసినదాంట్లో మూడో వంతు వస్తే సంతోషించాలి. వీటిలో చాలావాటికి పూర్తి వేగం రావాలంటే ఎర్త్ తీగ కూడా కావాలి. విదేశీ రెండు గుండు పిన్నుల ప్లగ్గు మన సాకెట్‌లో దూరుతుంది కానీ, పక్కనుండే దాని ఎర్త్ రేకు దేనికీ తగలదు. పైగా మోటారు, మిక్సీ, చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు అదే తీగలో రొద పెడతాయి. పెట్టాక రౌటర్ అడ్రసుకు (చాలాచోట్ల 192.168.1.1) పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండు) నడుపుతూ మిక్సీ వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్లో అయితే జత కలిపే బటన్ తప్పక నొక్కాలి. ఒకదాని మీద నొక్కిన రెండు నిమిషాల్లోపు రెండోదాని మీద నొక్కితే సొంత తాళం (పాస్‌వర్డ్ లాంటిది) పడుతుంది. లేకపోతే పక్కింటివాటితో సహా అన్నిటికీ ఫ్యాక్టరీలో పెట్టిన ఒకే తాళం మిగిలిపోవచ్చు.

అందుకే చాలా ఇళ్లకు ముందు వైఫైనే ప్రయత్నించమంటాను. ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఫోన్‌ను చేతిలో పట్టుకోకుండా, అడాప్టర్ ఉండబోయే చోటే పెట్టి, రౌటరు ఇచ్చే రెండు వైఫై బ్యాండుల్లో (2.4, 5 గిగాహెర్ట్జ్) 5 గిగాహెర్ట్జ్‌కు కలిపి వేగం చూడండి. అక్కడ సరిపడా వస్తే పవర్‌లైన్ మాట మరిచిపోవచ్చు.

గోటి సైజు డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే బుల్లి వైఫై అడాప్టర్) మాత్రం కొనవద్దు. ‘150’ అని రాసినవి 2.4 గిగాహెర్ట్జ్ మీదే, ఒక్క యాంటెనాతోనే పనిచేస్తాయి. దాన్ని క్యాబినెట్ వెనక నీలం యూఎస్‌బీ 3 పోర్టు పక్కన గుచ్చితే ఆ పోర్టు రొద కూడా 2.4 మీదే పడుతుంది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి తెస్తే సగం జబ్బు నయమవుతుంది. డెస్క్‌టాప్‌కైతే లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు మేలు, యాంటెనాలు తీగతో బయటికి వచ్చే రకం అయితే మరీ మేలు. నేరుగా కార్డుకే బిగించేవి రేకు డబ్బా వెనక గోడ వైపు చూస్తూ ఉండిపోతాయి. అలాంటి కార్డులో బ్లూటూత్ కూడా ఉంటే, చిన్న వైరును మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు కలపాలి. అది మరిచిపోయి కార్డు పాడైందని తిప్పి పంపేవాళ్లు ఎందరో!

గోడకు సన్న ప్లాస్టిక్ పట్టీ కొట్టనిచ్చే ఇల్లయితే వైఫై, పవర్‌లైన్ రెండూ వద్దు. రౌటరు నుంచి కంప్యూటరు దాకా వేసే క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అంటగట్టకుండా, అచ్చం రాగిదే అడిగి తీసుకోండి. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం దాన్ని లాగవద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు