వేడి తట్టే రేకు: మందం కూడా అడగండి

సంపాదకులకు,

ఆక్సైడ్ రేణువులతో బలపరిచిన మిశ్రమలోహాలు 1300 డిగ్రీల దాకా తట్టుకుంటాయని మీ సైన్స్ పేజీలో చదివాం. నిజమే, కానీ ఎంతకాలం తట్టుకుంటాయి? బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఫర్నేస్ మఫుల్ (కొలిమి లోపలి లోహపు గది), థర్మోకపుల్ (వేడి కొలిచే తీగల) తొడుగు కొనేవాళ్లకు కావలసింది ఆ లెక్కే.

పీఎం2000 వంటి ఇనుము-క్రోమియం-అల్యూమినియం రకాల్లో యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) బరువులో అర శాతమే. ఆ సూక్ష్మ రేణువులు వేడిలో లోహం సాగిపోకుండా పట్టి ఉంచుతాయి. గాలి నుంచి కాపాడేది మాత్రం పైన కట్టే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర. లోహంలోని సల్ఫర్‌ను యిట్రియం కట్టిపడేస్తుంది కాబట్టి పొర గట్టిగా అంటుకుంటుంది. అలాగని యిట్రియం మోతాదు మించితే పొర త్వరగా పెరిగి చేటే చేస్తుంది. నికెల్-క్రోమియం రకం ఎంఏ754 సంగతి వేరు. దాని మీద కట్టేది క్రోమియా (క్రోమియం ఆక్సైడ్). 1000 డిగ్రీలు దాటిన గాలిలో అది మెల్లగా ఆవిరవుతుంది, గాలి వేగంగా వీచేచోట మరీను.

ఇక మందం. పొరకు అల్యూమినియం లోహం లోపలి నుంచే అందాలి. 5.5 శాతం ఉన్నది సుమారు 1.3కి పడిపోతే పొర మళ్లీ కట్టదు, ఇనుమే ఆక్సైడ్‌గా మారి రేకు చకచకా పాడవుతుంది. 1 మి.మీ. రేకులో ఒక్కో ముఖం వెనుక, అంటే సగం మందంలో, చదరపు సెంటీమీటరుకు 360 మి.గ్రా. లోహం ఉంటుంది, అందులో వాడుకోదగ్గ అల్యూమినియం 15 మి.గ్రా. అర మి.మీ. రేకులో అందులో సగమే. పొర రాలకుండా పారబోలిక్‌గా, అంటే కాలపు వర్గమూలం లెక్కన, పెరిగినా రేకు ఆయుష్షు సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. రేకు పలచన చేసి డబ్బు మిగుల్చుకుందామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

నిలకడ వేడిలో చేసిన పరీక్ష పత్రం చాలదు. లోహం అల్యూమినా కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కనుక పొర రాలేది చల్లారేటప్పుడే. రోజూ ఆపే ఫర్నేస్‌కైతే వేడిచేస్తూ, చల్లారుస్తూ పరీక్షించాలి. ముందే కాల్చి బరువు నిలకడకు తెచ్చిన అల్యూమినా క్రూసిబుల్‌లో (మూసలో) నమూనా ముక్కను పెట్టి, ప్రతిసారీ రెండింటినీ విడివిడిగా తూచాలి. ముక్క ఒక్కదాన్నే తూచితే పెరిగిన బరువులోంచి రాలిన బరువు పోయి, ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. ఏ మందం ముక్క మీద, ఎన్నిసార్లు చల్లార్చి పరీక్షించారో సరఫరాదారు రాసి ఇవ్వాలి.

అతుకు వేయాల్సి వస్తే మామూలు ఆర్క్ వెల్డింగ్ వద్దు. లోహం కరిగితే యిట్రియా ముద్దకట్టి పైకి తేలిపోతుంది, అతుకు దగ్గర బలం పోతుంది.

- ఫర్నేస్ నిర్వహణ ఇంజనీర్లు, పీణ్య, బెంగళూరు