శాలువా కప్పుతారు, నేసిందెవరో అడగరు

సంపాదకుల వారికి,

చేనేత దినోత్సవానికి మీరు వేసిన ప్రత్యేక పేజీ చూసి ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. 'నాగా శాలువాలో ఈశాన్య గిరిజన మహిళ' అని ఆ పెద్ద ఫొటో కింద రాసినవారెవరో గానీ, ఆవిడా నాగా కాదు, ఆ గుడ్డా నాగాలది కాదు. చంకల కిందుగా బిగించి పిక్కల దాకా చుట్టుకున్న అడ్డచారల గుడ్డ, నడుమ ఎర్రటి పట్టీలు, అది పాతిన్. భుజాల మీద కప్పుకున్నది అర్గన్. హాజోంగ్ తెగ ఆడవాళ్లు తమ మగ్గాల మీద నేసుకునేవి. పోచంపల్లి ఇక్కత్ ఫొటో వేసి కింద గద్వాల చీర అని రాస్తే మన పాఠకులు ఊరుకుంటారా? ఈశాన్యం అనగానే అందరూ నాగాలేనా?

మా వారి ఉద్యోగం మేఘాలయలోని తూరాలో ఉన్న రోజుల్లో వీళ్లను దగ్గరగా చూశాను. గారో కొండల దిగువ పల్లపు నేలల్లో వరి పండించుకునే జనం. అస్సాంలోనూ ఉన్నారు, సరిహద్దు దాటితే బంగ్లాదేశ్‌లో నేత్రకోణ, మైమెన్‌సింగ్ వైపూ ఉన్నారు. పండినా ఎండినా ముందే ఖాయం చేసిన ధాన్యం కౌలుగా కొలవాలనే 'టంక' పద్ధతి మీద తిరగబడి, 1946 జనవరి 31న పోలీసు కాల్పుల్లో రాశిమణి హాజోంగ్ చనిపోయింది. మన దొడ్డి కొమరయ్య నేలకొరిగిందీ ఆ ఏడే. అంత చరిత్ర ఉన్నవాళ్లకు మీ పేజీలో సొంత పేరైనా దక్కలేదు. సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజులో వెయ్యండి, లోపలెక్కడో చీమతలకాయంత అక్షరాల్లో కాదు.

ప్రభుత్వాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో స్థిరపడిన చక్మా, హాజోంగ్ తెగల కుటుంబాలకు పౌరసత్వం ఇమ్మని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇచ్చిన గడువు మూడు నెలలు. ఫైలు ఎంతకీ కదలదు. 2020లో అఖిల భారత చేనేత బోర్డునే ఎత్తేశారు, అదీ ఆగస్టు 7, చేనేత దినోత్సవం, ఇంకా కొద్ది రోజులుందనగా! గారోల నేతకు 2024లో, ఆ పేరు ఆ ప్రాంతం సరుక్కే చెల్లుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, సంతోషమే, మరి ఆ పక్క ఊళ్లలో నేసే పాతిన్, అర్గన్ మాట ఎవరెత్తాలి? గుర్తింపు వస్తే మాత్రం ఒరిగేదెంత అంటారా, అదీ నిజమే. పోచంపల్లికి అది ఎప్పుడో వచ్చింది, అయినా ఆ డిజైను ప్రింటు కొట్టిన చీరలు ప్రతి ఊరి బజార్లోనూ గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. ఒకసారి తిరగేసి చూడండి, మగ్గం మీద నేసినదానికి రెండు పక్కలా ఒకే రంగు ఉంటుంది, ప్రింటుది వెనక పాలిపోయి ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి కమిటీలు, నివేదికలు కావాలా?

అసలు ఒళ్లు మండింది మాత్రం అదే పేజీలో కింది ఫొటో చూసి. వృద్ధ నేత కార్మికులకు పెద్దలు వరసగా శాలువాలు కప్పుతున్నారు. ఆ జిగేల్‌మనే శాలువాలు మరమగ్గం సరుకని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. 1985 చట్టం కింద చేనేతకే ప్రత్యేకించిన 11 రకాల్లో శాలువా కూడా ఉంది, అమలు చెయ్యాల్సిన శాఖవాళ్లేమో ఆ వేదిక మీదే కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. పడుగూ పేకా పట్టుకుని జీవితమంతా గడిపిన మనిషికి చేనేత దినం నాడు మరమగ్గం గుడ్డ కప్పి పంపడం సన్మానం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఆ పెద్దాయన మొహం మీ ఫొటోలోనే ఉంది, చూడండి. ఆయనకు తెలీదనుకున్నారా అది ఏ గుడ్డో!

వచ్చే ఆగస్టు 7న మీ విలేకరిని పంపేటప్పుడు ఒక్క పని చెప్పండి. సన్మానం అయ్యాక, ఆ శాలువాలు ఏ సహకార సంఘంలో కొన్నారో బిల్లు చూపించమని అడగమనండి. ఏం చూపించారో అది వార్తగా వెయ్యండి.

ఇట్లు,
చేనేత ఇంటి ఆడపడుచు,
చీరాల