కావాలని ఓడితే కనిపెట్టే ఏర్పాటేది?

ఆన్‌లైన్ గేమింగ్ పోటీల్లో కొన్ని జట్లు కావాలనే ఓడిపోవడాన్ని నిర్వాహకులు ‘ఫామ్ లేకపోవడం’ అని సరిపెట్టుకోవడం ఆపాలి. దీనికి పందెం డబ్బు ఒక్కటే కారణం కాదు. గ్రూపులో రెండో స్థానంలో నిలిస్తే నాకౌట్‌లో బలహీనమైన జట్టు ఎదురవుతుందని ముందే తెలిస్తే, ఆఖరి మ్యాచ్ గెలవాలన్న పట్టుదల ఎవరికుంటుంది? 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో నాలుగు జోడీలను వెళ్లగొట్టింది ఇలాంటి తప్పుకే. ఇక పందేల విషయానికొస్తే, 2010లో దక్షిణ కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధవ్యూహాల గేమ్ ఆటగాళ్లపై, 2015లో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల గేమ్ ఆటగాళ్లపై నిషేధాలు పడ్డాయి. ఆ రెండో కేసులో పందెం కాసింది ఆటలోని తుపాకుల స్కిన్లతో, అంటే వాటి రూపం మార్చే డిజైన్లతో. చూసేవాళ్లు తక్కువగా ఉండి, ప్రైజ్‌మనీ ఆలస్యమయ్యే చిన్న టోర్నీల్లోనే ముప్పు ఎక్కువ. ఓడినంత మాత్రాన ఎవరినీ దోషి అనలేం. స్కోరు కాదు, మ్యాచ్ మొత్తం నమోదయ్యే రీప్లే ఫైలు చూడాలి. కౌంటర్ స్ట్రైక్ లాంటి గేముల్లో ఆటలోని డబ్బుండీ కవచం కొనకపోవడం, స్మోక్ గ్రెనేడ్లు చేతిలో ఉంచుకుని ఒక్కొక్కరుగా ఎదురెళ్లడం ఒకసారైతే పొరపాటు. కీలక రౌండ్లలో వరుసగా జరిగితే విచారణ జరగాల్సిందే. గ్రూపు ఆఖరి మ్యాచ్‌లన్నీ ఒకేసారి మొదలుపెట్టి, అవి ముగిశాకే నాకౌట్ డ్రా తీయాలి. రీప్లేలను, జట్ల వాయిస్ చాట్ రికార్డింగులను కనీసం ఏడాది భద్రపరచాలి. ప్రైజ్‌మనీ 30 రోజుల్లో చెల్లించాలి. నిషేధాన్ని ఖాతాకు కాక మనిషి గుర్తింపుకు ముడిపెట్టాలి. లేదంటే వాళ్లే కొత్త ఐడీతో మరో టోర్నీలో దిగుతారు.