బిళ్ళగన్నేరు మనది కాదురా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నది పదో తరగతి గట్టెక్కింది, ఇంటి అప్పు మాత్రం కదల్లేదు. ఇక అసలు సంగతి విను.

"మన ఊరి పూలు పది రాయండి" అని సైన్సు మాస్టారు అడిగితే ఇద్దరం మొదట ఏం రాశాం? బిళ్ళగన్నేరు. చెరో మార్కూ వచ్చింది. ఆ మార్కు వెనక్కిచ్చెయ్యాలిరా! అది మడగాస్కర్ మొక్కట.

మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని భీమిలి వెళ్లాను. డచ్చివాళ్ల సమాధుల దగ్గర, ఇటుకల సందుల్లో అదే పువ్వు. అక్కడ విద్యార్థులతో వచ్చిన ఒక బాటనీ మేడమ్ చెబుతుంటే విన్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో విత్తనాలు మడగాస్కర్ నుంచి పారిస్ రాజుగారి తోటకి వెళ్లాయట, అక్కణ్ణుంచి లండన్ చెల్సీ తోటకి. అందం కోసం కుండీల్లో పెంచితే గోడ దూకేసి, వేడి దేశాలన్నిట్లో కాపురం పెట్టింది. నేను ఊరుకోలేక "మా తాత పెరట్లోనే ఉండేదండీ" అన్నాను. "మీ తాతగారికంటే ముందే వచ్చుంటుందండీ" అందావిడ. పిల్లలు నవ్వారు. నా పరువు!

ఆకు చేదు, విషం కూడా. పశువులు ముట్టవు. మీ రాణి మేక హెడ్మాస్టరు కండువా సగం నమిలేసింది గానీ దీని జోలికి ఎప్పుడైనా వెళ్లిందా? పైగా ఆ నల్లటి బుల్లి గింజల్ని చీమలు మోసుకుపోతాయట. ఇంకేం, ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది.

అన్నట్టు, బాబాయి ఇంకా షుగరుకని ఆ ఆకు నములుతున్నాడా? మాన్పించు. జమైకాలోనూ షుగరుకి దీని టీ తాగేవాళ్లట. 1952లో అక్కణ్ణుంచి కొన్ని ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే డాక్టరుకి చేరాయి. ఎలకలకిస్తే షుగరు తగ్గలేదు, రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారి పట్టుకునే ఆయనా, చార్లెస్ బీర్ అనే ఆయనా కలిసి 1958 నాటికి క్యాన్సరు మందు తీశారు. మందైంది సరే, నమలమని కాదు కదా.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటుంది. ఈ జాతిలో ఎనిమిది రకాలైతే ఏడు మడగాస్కర్‌వి. ఎనిమిదోది మనదీ, శ్రీలంకదీ. తిరిగొస్తూ రోడ్డు పక్క నువ్వుచేను గట్టున చూపించిందావిడ. సన్నటి ఆకు, నలుపలకల కాడ, గోరంత తెల్లపువ్వు. ఒరేయ్, అది మన చేలో కలుపని ఎన్ని వందలు పీకామో! పరాయిదానికి కుండీ కట్టి, ఇంటిదాన్ని గట్టు మీద పారేశాం. ఒక మొక్క తెచ్చి డబ్బాలో పెట్టాను. బతుకుతుందో లేదో. మీ వదిన "ఈ గడ్డెందుకు" అంటోంది, నేనేమో

వాన మొదలైంది, డాబా మీద వడియాలున్నాయి, ఆవిడ కేకలేస్తోంది. మిగతాది మళ్లీ రాస్తా.